మాట పట్టని పంపు

యాడికి బస్టాండు మలుపులో తిప్పేష్ సైకిల్ షాపు పొద్దున ఆరింటికల్లా తెరుచుకుంటుంది. షట్టరు పైకి నెట్టి, వాకిట్లో నీళ్లు చల్లి, పంక్చరు ట్యూబులు ముంచి చూసే తొట్టిలో బిందెడు నీళ్లు పోసి, చివరికి నిలువు పంపును బయటికి తెచ్చి గోడకు ఆనిస్తాడు. ఆ పంపు వాళ్ల నాయనది. చెక్క పిడి రెండు తరాల అరచేతుల రాపిడికి నున్నబడింది. దాని పైన గోడమీద నాయన రంగుతో రాసిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి: గాలి కొట్టునప్పుడు మాట్లాడరాదు.

ఎందుకు మాట్లాడరాదో ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికీ చెప్పే పనిలేదు. గాలి కొడుతూ అన్న మాట గాలితోబాటు టైరులోకి పోతుంది. ఆ గాలి ఉన్నన్నాళ్లూ లోపలే ఉంటుంది. ముల్లు దిగినప్పుడో, వాల్వు విప్పినప్పుడో, అన్నవాళ్ల గొంతుతోనే బయటికి వస్తుంది. అందుకే పరీక్షలకు పోయే పిల్లల సైకిళ్లకు అవ్వల చేత గాలి కొట్టిస్తారు. పంపు మీదికి వంగి కావాలని చెప్పిన మాటకు పెద్ద విలువ లేదు. అది దీవెన కింద పోతుంది, లేదంటే తిట్టు కింద పోతుంది. కానీ ఏదో ధ్యాసలో నోరుజారి పడిన మాట మాత్రం సాక్ష్యం. దాన్ని పంచాయతీలో కూడా ఎవరూ కాదనరు.

రోజూ ఎనిమిది గంటలకు ఈశ్వరి వచ్చేది. తనకల్లు వైపు పిల్ల. పదో తరగతి మార్కుల మీద పోస్టులో ఉద్యోగం వచ్చి, యాడికిలో చిన్న గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. ఐదు పల్లెలకు ఉత్తరాలు, కవర్లు, ఆధార్ కార్డులు లేడీస్ సైకిలు మీద తిరిగి పంచాలి. సైకిలు తిప్పేష్ దగ్గర వదిలి, సంచి తెచ్చుకోడానికి పోస్టాఫీసుకు పోయి, పావుగంటలో తిరిగొచ్చేది. ఈలోగా తిప్పేష్ టైర్లు నొక్కి చూసి, తక్కువుంటే గాలి కొట్టి పెట్టేవాడు.

తిప్పేష్ కూతురు ఉమాదేవి కూడా అదే ఉద్యోగానికి మూడుసార్లు అప్లికేషన్ పెట్టింది. శివరాత్రి పోయిన వారం మూడోసారి జాబితా వచ్చింది. అందులో ఉమాదేవి పేరు లేదు. ఆ పిల్ల ఏడవలేదు. ఫోను పక్కన పెట్టి, రాగి సంగటి కెలకడానికి పొయ్యి దగ్గరికి పోయింది. తిప్పేష్ తినకుండానే షాపుకొచ్చాడు.

ఆ పొద్దు ఈశ్వరి సైకిలు వెనక టైరు పూర్తిగా దిగిపోయి ఉంది. తిప్పేష్ పంపు కాళ్లమీద పాదాలు పెట్టి కొడుతున్నాడు. పక్కన కొత్తగా టీ బంకు పెట్టిన జయరాజు గ్లాసులు కడుగుతూ అడిగాడు.

"ఎవురిదన్నా ఈ లేడీస్ సైకిలు? కొత్తదాని మాదిరి పెట్టుకోనుండారే."

"పోస్టు పాపది" అన్నాడు తిప్పేష్, పిడి కిందికి నొక్కుతూ. "ఊరోళ్ల ఉత్తరాలు విప్పి సదువుకోని, మళ్ల అతికించి ఇస్తాది సూడు, ఆ పాపది."

జయరాజు నవ్వి గ్లాసులు బోర్లించుకున్నాడు. తిప్పేష్ వాల్వుకు మూత బిగించాడు. బిగించిన తర్వాత గాని తను ఏం చేశాడో తెలియలేదు.

ఆ పిల్ల ఉత్తరం విప్పడం అతను చూడలేదు. ఎవరూ అనగా వినలేదు. అట్లాంటి ఆలోచన కూడా ఆ క్షణం ముందు అతనికి లేదు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, పంపు దెబ్బకూ దెబ్బకూ మధ్య పుట్టి, లోపలికి పోయింది. మూత విప్పి వాల్వు వదులు చేస్తే అర నిమిషంలో బయటికి పోతుంది. కానీ జయరాజు అక్కడే ఉన్నాడు. కొట్టిన గాలి ఏంటికి తీస్తాండావని అడిగితే ఏం చెప్పాలి? చెయ్యి వాల్వు దాకా పోయి ఆగింది. ఈశ్వరి సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటుతూ వస్తోంది.

"గాలి సరిపాయనా అన్నా?"

"సరిపోయింది పాపా."

రేపు ఏదో ఒక వంక పెట్టి గాలి మార్చొచ్చు అనుకున్నాడు. కానీ ఆ గాలి దిగలేదు. మరుసటి రోజు ఈశ్వరి టైరు బొటనవేలితో నొక్కి చూసి నవ్వింది. "రాయి మాదిరుండాదన్నా. నీ చేతి గాలే గాలి." ఆ తర్వాతి రోజూ అంతే. పదకొండు రోజులు అట్లా ఆ పిల్ల నవ్వుతూ నొక్కి చూసుకుని పోతూ ఉంటే, తిప్పేష్ తల వంచుకుని స్పోకులు తిప్పుతూ ఉన్నాడు. పన్నెండో రోజు నల్లగుట్టపల్లిలో ముల్లు దిగింది.

నల్లగుట్టపల్లి యాడికికి తొమ్మిది కిలోమీటర్లు. ఎటు చూసినా ఎర్రనేల, గట్లంతా సర్కారు తుమ్మ. ఆ ఊళ్లో మారెక్క అనే ఆమెకు అంతకు ముందు వారమే ఆస్పత్రి కాయితం పోస్టులో వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బని అందులో ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. అయినా రెండు రోజుల్లో ఊరందరికీ తెలిసిపోయింది. ఆమె చేతి నీళ్లు తాగడం మానేశారు. సరిగ్గా ఆమె ఇంటి ముందరే, పదిమంది చూస్తుండగా, ఈశ్వరి వెనక టైరు బుస్సుమని తిప్పేష్ గొంతుతో మాట్లాడింది. ఊరోళ్ల ఉత్తరాలు విప్పి సదువుకోని, మళ్ల అతికించి ఇస్తాది.

టైరు చప్పబడేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత మారెక్క లోపలికి పోయి తలుపేసుకుంది.

ఈ సంగతి తిప్పేష్‌కు చెప్పింది సుంకప్ప. నల్లగుట్టపల్లిలో గొర్రెలు కాసుకునే ముసలాయన. సంతరోజు పాత సైకిలు నెట్టుకుంటూ యాడికి వచ్చి, షాపు ముందు కూలబడి చెప్పాడు.

"ఆ పాప చేతి కాయితం ఎవురూ తీసుకోలేదప్పా. అర్జీ రాసి వేలిముద్రలేసి పంపినారు. పై ఆఫీసరు వస్తాడంట విచారణకు. నిజమని తేలితే ఉద్యోగం తీసేస్తారంట." గొంతు తగ్గించి, "నువ్వు సూసినావా తిప్పేషా, ఆ పాప విప్పేది?" అన్నాడు.

తిప్పేష్ చేతిలో ఉన్న ట్యూబును తొట్టిలో ముంచాడు. బుడగలు రాలేదు. మళ్లీ ముంచాడు. సుంకప్ప లేచి సైకిలు నెట్టుకుంటూ సంతలోకి పోయాడు.

ఇంట్లో ఉమాదేవికి కూడా తెలిసింది. సాయంత్రం కంచం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"నా కోసమా నాయనా, ఆ మాట అంటివి?"

"ఊరికే అంటి."

"ఊరికే ఎట్లంటారు? నాకు రాలేదని నేను గూడా అంత కుళ్లుకోలేదే." గొంతు పెంచలేదు. "ఆ పాప నాకు ఎదురొస్తే ఇప్పుడు నేను మొగం యాడ పెట్టుకోవాల?"

తిప్పేష్ ముద్ద కలిపాడు గాని నోటికి ఎత్తలేకపోయాడు.

ఈశ్వరి ఎనిమిది రోజులు షాపు వైపు రాలేదు. పంక్చరు ఎక్కడ వేయించుకుందో ఏమో. తొమ్మిదో రోజు వచ్చి, సైకిలు దిగకుండా ఒక కాలు నేలకు ఆనించి, అతని వైపు కాక షాపు లోపలికి చూస్తూ అంది.

"పంపు కావాల. సొంతానికి. ఏమేముండాయో సూపించు."

తిప్పేష్ గోనెసంచి పరిచి ఒక్కొక్కటే తెచ్చి పెట్టాడు. ముప్పై ఏళ్లుగా చెప్పిన మాటలే మళ్లీ చెప్పాడు.

"ఇది నిలువు పంపు. ముప్పై దెబ్బలకు టైరు నిండుతాది. కానీ సంచితో పాటు దీన్ని మోసుకోని పోలేవు. వంగి కొట్టేది గాబట్టి మాట ముక్క గూడా బయట పడదు, అంతా లోపలికే పోతాది. ఇది కాలితో తొక్కేది. ఎంత గాలి పోయిందో ఈ ముల్లు సూపిస్తాది. దీని మూతి మోటరుసైకిలు వాల్వుకు చేసింది. నీది సన్న వాల్వు, లోపల రబ్బరు ఉండేది. మధ్యలో ఇంకో పిన్ను తగిలించుకోవాల. అది యాడన్నా పడిపోతే పంపున్నా లేనట్టే."

"అది?"

"బ్యాటరీది. మీట నొక్కి పక్కకు పోవచ్చు, మాట పడదు. కానీ మన ఎండకు పెట్టె కాలిపోయి ఆగిపోతాది. ఛార్జి అయిపోతే ఆ గుట్టల్లో కరెంటు యాడ దొరుకుతాది నీకు?" చివరిది చేతిలోకి తీసుకున్నాడు. మూరెడు పొడవుంది. "ఇది సైకిలు కడ్డీకి బిగించుకోవచ్చు. బరువు లేదు. నీ వాల్వుకు నేరుగా పడతాది. నూటయాభై దెబ్బలు కొట్టాల, చేతులు లాగుతాయి. టైరు పక్కన కుచ్చోని గుండెకాడ పెట్టుకోని కొట్టేది, ఊపిరి గూడా పడతాది లోపలికి."

"చేత్తో కొట్టేదాంట్లో మాట పట్టని పంపు లేదా?"

"పంపుదేముండాది పాపా. నోరు మూసుకుంటే ఏ పంపైనా మాట పట్టదు."

అనేశాక ఆ మాట ఎవరికి తగిలిందో తిప్పేష్‌కు అర్థమైంది. ఈశ్వరి అతని ముఖంలోకి మొదటిసారి చూసి, చిన్న పంపు అందుకుంది.

"కొట్టి సూస్తా" అని సైకిలు దిగింది. ముందు టైరు గాలి సగం వదిలింది. అందులో ఏ మాటా లేదు, ఉత్త గాలే వచ్చింది. నేలమీద గొంతుక్కూర్చుని, పెదాలు గట్టిగా బిగించి కొట్టడం మొదలుపెట్టింది. యాభై దెబ్బలకు నుదుట చెమట పట్టింది. వంద దాటేసరికి చున్నీ జారింది, సర్దుకోడానికి ఆగలేదు. టీ బంకు దగ్గర జనం చూస్తున్నారు. "ఇట్లియ్యి పాపా, నేను కొడతా" అని అనడానికి తిప్పేష్‌కు నోరు రాలేదు. ఆ పని అతనిది. అయినా నిలబడి చూడాల్సి వచ్చింది.

నూటయాభై అయ్యాక ఆమె లేచి దుడ్లు తీసింది. తిప్పేష్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తీసుకో అన్నా. ఊరికే తీసుకుంటే దానికేం మాట పుడతాదో."

తీసుకున్నాడు. "పాపా, ఆ పొద్దు నేను..."

"నాతో చెప్పి ఏం లాభం? ఆ మాట ఇన్నోళ్లు నల్లగుట్టపల్లిలో ఉండారు."

ఆమె పోయిన వెంటనే షట్టరు సగం దించి, తిప్పేష్ నల్లగుట్టపల్లికి బయలుదేరాడు. ఎదురుగాలి. తొమ్మిది కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. మారెక్క ఇంటి ముందు అరుగుమీద శెనక్కాయలు ఒలుస్తోంది. ఆమెకు కాస్త దూరంగా మరో నలుగురైదుగురు కూర్చున్నారు. తిప్పేష్ సైకిలు దిగి, తువ్వాలు భుజంమీంచి తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. తను ఏమీ చూడలేదని, ఆ మాట అబద్ధమని, ఆ పాప మంచిదని.

మారెక్క శెనక్కాయలు ఒలవడం ఆపలేదు. "ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవురూ పంపలేదక్కా. నేనే వస్తి."

"గాలి కొడతా కొడతా అన్న మాట నిజమా, పది రోజులు ఆలోచించుకోనొచ్చి చెప్పే మాట నిజమా? నరంలేని నాలుక ఎట్లయినా తిరుగుతాది తిప్పేషా. గాలి తిరగదు."

"కావాలంటే ఇప్పుడే నా టైరులో గాలి కొట్టి చెప్తా. మీరే ఇప్పి ఇనండి."

"కావాలని కొట్టిన గాలి సంగతి మాకు తెల్దా?" అన్నాడు పక్కనున్న మనిషి. మిగతావాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

అతను సైకిలు నెట్టుకుంటూ ఊరి చివరికి వచ్చాడు. అక్కడ సుంకప్ప గుడిసె. ముసలాయన వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"వస్తివి గదా తిప్పేషా, నా సైకిలుకు నాలుగు దెబ్బలు కొట్టిపో. నాకు నడుము వంగదు. ఉండు, మజ్జిగ తెస్తా."

ఆయన లోపలికి పోయాడు. తిప్పేష్ అక్కడున్న తుప్పు పంపు తగిలించి కొట్టసాగాడు. గాలి దుమ్ము లేపి మొహాన కొడుతోంది. మూడు నాలుగు దెబ్బలయ్యేసరికి కళ్లు మసకబారాయి. దుమ్మనుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు, మళ్లీ మసకబారాయి. పిడి కిందికి పోయిన ప్రతిసారీ లోపలినుంచి ఏదో ఎగదన్ని నోట్లోంచి బయట పడుతోంది. అది దగ్గో మూలుగో అనుకున్నాడు. అవి మాటలని అతనికి తెలియదు. టైరు గట్టిపడ్డాక, మజ్జిగ తాగి, వచ్చిన దారినే పోయాడు.

విచారణ ఏప్రిల్ చివర్లో జరిగింది. పై ఆఫీసరు జీపులో వచ్చి, నల్లగుట్టపల్లి పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనిషి మర్యాదస్తుడే. అర్జీలో వేలిముద్ర వేసిన ఒక్కొక్కరినీ పిలిచి అడిగి రాసుకుంటున్నాడు. ఈశ్వరి స్తంభం పక్కన నిలబడి ఉంది. తన సంగతి అడిగినప్పుడు, "నేను విప్పలేదు సార్" అని ఒక్క మాటే చెప్పింది. అది చెప్పుకోడానికి ఆమె దగ్గర ఇంకే సాక్ష్యమూ లేదు.

మారెక్క వంతు వచ్చింది. ఆమె మెట్లెక్కుతుండగా, బయట ఎండలో గోడకు ఆనించిన సుంకప్ప సైకిలు వాల్వు రబ్బరు వేడికి కరిగి తెగింది. గాలి సన్నగా, నెమ్మదిగా, నిండా రెండు నిమిషాలు వచ్చింది.

"సూడలే... నేనేం సూడలే... నా బిడ్డకు రాలేదని కడుపుమంట... ఆ పాప ఏ ఉత్తరమూ విప్పలే... వాల్వు ఇప్పింటే పోయేది, ఇప్పలేకపోతి... రోజూ నవ్వతా నొక్కి సూసుకోని పోయేది, నేను తల ఎత్తలే... నాయనా, నీ పంపుతో ఎంత పని చేస్తి..."

మాటల మధ్యలో ఏడుపు ఉంది. మగమనిషి ఒంటరిగా ఏడ్చే ఏడుపు. జనం తలలు దించుకుని విన్నారు. ఆగిపోయాక ఆఫీసరు కలం ఎత్తి అడిగాడు.

"ఈ గాలి కొట్టింది ఎవరు?"

"తిప్పేషుడు సార్, యాడికి సైకిలు షాపాయప్ప" అన్నాడు సుంకప్ప. "నలభై దినాలయ్యింటాది. నేను మజ్జిగకు లోపలికి పోయింటి."

ఆఫీసరు అదీ రాసుకున్నాడు. మారెక్క మెట్టుమీదే నిలబడిపోయింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"నా జబ్బు సంగతి ఉత్తరంతో తెలిసింది కాదు సారూ" అంది చివరికి. "ఆస్పత్రి బండి నా వాకిట్లో నిలబడిన పొద్దే ఊరికి తెలిసింది. నాకూ తెలుసు అది. ఎవురో ఒకరి మీద కోపం చేసుకోవాలని ఉండె." చెయ్యి చాచింది. "ఆ కాయితం ఇట్లియ్యి. నా ఏలిముద్ర నేను తీసుకుంటా."

ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. ఈశ్వరి మెట్లు దిగింది. తన సైకిలు కడ్డీనుంచి చిన్న పంపు విప్పి, సంచిలోంచి కొత్త రబ్బరు ముక్క తీసి, ఎండలో కూర్చుని సుంకప్ప టైరుకు గాలి కొట్టింది. పెదాలు బిగించే కొట్టింది.

సుంకప్ప ఆ సాయంత్రమే యాడికి వచ్చి తిప్పేష్‌కు అంతా చెప్పాడు, టైరు చెప్పినది ఒక్క ముక్క పోకుండా. మంచి వార్తే చెబుతున్నాననుకున్నాడు ముసలాయన. తిప్పేష్ గోడవైపు తిరిగి విన్నాడు. పాప ఉద్యోగం నిలబడింది. కానీ తన కడుపుమంట, తన ఏడుపు, ఒక ఊరు ఊరంతా విన్నది. కూతురి పేరు చెప్పకపోయినా ఆ బిడ్డ ఎవరో అందరికీ తెలుసు. ఆ తర్వాత చాలా రోజులు అతను గిరాకీలతో తల ఎత్తి మాట్లాడలేదు.

జూన్ మొదట్లో ఒక పొద్దున, షాపుకు బయలుదేరబోతుంటే ఇంటి ముందు సైకిలు ఆగింది. ఈశ్వరి. ఉమాదేవి పేరు మీద స్పీడుపోస్టు కవరు ఉంది. ఉమాదేవి నీళ్లకు పోయింది.

"నువ్వు సంతకం పెట్టచ్చన్నా." ఫోను ముందుకు చాపింది. తిప్పేష్ గాజు తెరమీద వేలితో వంకరగా పేరు రాశాడు. కవరు రెండు చేతులా తీసుకున్నాడు.

"పాపా, నా నోటితో ఒక్కసారి..."

"రెండుసార్లు ఇన్న్యాలే అన్నా" అంది ఆమె. కోపంగా అనలేదు, దయగానూ అనలేదు. "మూడోసారి వద్దు. ఎండ ముదరకముందే నల్లగుట్టపల్లికి పోవాల నేను."

ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి, తిప్పేష్ చేతిలోని కవరు వైపు చూశాడు. అంచునుంచి అంచుదాకా అతికించి ఉంది, ఎక్కడా చెక్కు చెదరలేదు. పైన ఏదో ఆఫీసు ముద్ర. బిడ్డకు ఏం రాశారో. ఉద్యోగం వచ్చిందో, ఈసారీ రాలేదో. అతని కాళ్లు వసారా నీడలోంచి ఎండలోకి నడిచాయి. చేతులు కవరును సూర్యుడికి ఎదురుగా ఎత్తాయి. మడత పెట్టిన కాయితం మీద అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి, నల్లగా, తలకిందులుగా కనిపించాయి. కళ్లు చికిలించి ఒక అక్షరం కూడబలుక్కుంటుండగా తన చెయ్యి తనకు కనిపించింది.

కవరు దించేశాడు. సందులో ఎవరూ లేరు. మెట్టుమీద కూర్చుని, కవరు మోకాళ్లమీద బోర్లించి, దానిమీద రెండు అరచేతులూ పెట్టుకున్నాడు.

ఉమాదేవి బిందె చంకన పెట్టుకుని వచ్చేసరికి అట్లాగే ఉన్నాడు.

"ఏముండాది నాయనా దాంట్లో?"

"నేను ఇప్పలేదమ్మా" అన్నాడు. కవరు మీది అరచేతులు తీశాడు. "ఎండకు పెట్టి సూడబోతి. సదివేది గాలేదు."

ఆ పిల్ల అతని మొహంలోకి కొంతసేపు చూసింది. నమ్మింది. బిందె దించి, తడి చేతులు లంగాకు తుడుచుకుని, కవరు కోసం చెయ్యి చాచింది.